ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇంటి మొత్తానికీ ఇంటర్నెట్: నెల పొడుగునా నడిచేలా పెట్టుకోవడం ఎలా

హాట్‌స్పాట్ ఆన్ చేయడం అందరికీ వచ్చు. స్క్రీన్‌ని పై నుంచి కిందికి లాగి ఒక గుర్తు మీద నొక్కితే అయిపోయింది. కరెంటు పోయినప్పుడో, ప్రయాణంలోనో ఓ అరగంటకు అంత చాలు. కానీ ఇంట్లో నెట్ అంతా దాని మీదే, రోజూ, నెలంతా నడవాలంటే లెక్క వేరు. పొద్దున్న మొదలైన డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది. మీటింగ్ మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు, నెట్ ఆగిపోతుంది. ఫోన్ పట్టుకుంటే కాలుతుంది. ఆ ఫోన్ జేబులో వేసుకుని ఎవరైనా బయటికి వెళ్తే ఇంట్లో టీవీ నిలిచిపోతుంది.

ఇలాంటప్పుడు అందరూ స్పీడు చాలడం లేదనుకుంటారు. చాలా ఇళ్లలో అసలు ఇబ్బంది స్పీడు కాదు. ఒకటి, ఆ ఫోన్ ఒకే సమయంలో రెండు చోట్ల ఉండాల్సి రావడం. రెండు, ఇంట్లోని మిగతా పరికరాలు దీన్ని ఎంత వాడినా తరగని వైఫై అనుకోవడం. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఈ రెండింటినీ సరిచేయడం గురించే.

అడుగు 1: ఏ ఫోన్, ఏ సిమ్

ముందు తేల్చుకోవాల్సింది ఇది: హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ ఇంట్లోనే ఉంటుందా, మీతో పాటు బయటికి వస్తుందా? మీరు ఒక్కరే ఉంటూ, మీరు ఇంట్లో ఉన్నప్పుడే నెట్ కావాలంటే రోజూ వాడే ఫోన్ సరిపోతుంది. ఇంట్లో ఇంకెవరున్నా సరే, మీ సొంత ఫోన్ మీద పెట్టుకోవద్దు. మీరు గుమ్మం దాటిన ప్రతిసారీ వాళ్ల నెట్ పోతుంది.

అలమరలో పడి ఉన్న పాత ఫోన్ ఒకటుంటే ఈ పనికి అదే మంచిది. స్క్రీన్ మీద గీతలు పడినా, కెమెరా చెడిపోయినా ఫర్వాలేదు. అది 4జీ లేదా 5జీ పట్టుకోవాలి, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫైలో వేగమైన రకం, అడుగు 4లో చూద్దాం) మీద హాట్‌స్పాట్ ఇవ్వగలగాలి, బ్యాటరీ బాగుండాలి. వెనక మూత కాస్త లేచినట్టుగానో, స్క్రీన్ అంచు పైకి వచ్చినట్టుగానో కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలాంటి ఫోన్‌ని ఛార్జింగ్‌కి కూడా పెట్టొద్దు.

పాత ఫోన్‌లోని ఖాతాల నుంచి సైన్ అవుట్ అయి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే తిరిగి ఆన్ చేసేటప్పుడు పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. అది గుర్తులేక ఆగిపోయేవాళ్లు చాలామంది. రీసెట్ అయ్యాక సోషల్ మీడియా, మెయిల్ ఏవీ వేయొద్దు. ఖాళీగా ఉన్న ఫోన్ తక్కువ వేడెక్కుతుంది, తన కోసం డేటా తినదు. భద్రతా అప్‌డేట్లు ఏవైనా మిగిలి ఉంటే మాత్రం వేసేయండి.

సిమ్ విషయంలో ఒక జాగ్రత్త. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరు సిమ్‌ని తీసి ఇంటి ఫోన్‌లో పెట్టొద్దు. మీరు బయట ఉండి డబ్బు కట్టాల్సి వస్తే, ఓటీపీ ఇంట్లో కిటికీ దగ్గర మోగుతుంటుంది. హాట్‌స్పాట్‌కి విడిగా ఇంకో సిమ్ తీసుకోండి. తీసుకునే ముందు ఇంట్లోనో, పక్కింట్లోనో వేరే వేరే నెట్‌వర్క్‌లు వాడేవాళ్ల ఫోన్లు అడిగి, మీ ఇంట్లోనే సాయంత్రం పూట స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. వీధి చివర బాగా వచ్చే నెట్‌వర్క్ మీ గదిలో రాకపోవచ్చు. పగలు బాగా ఉండి రాత్రి తొమ్మిదికి పడిపోయే నెట్‌వర్క్‌లూ ఉంటాయి, ఎందుకంటే ఒక టవర్ కింద ఉన్న వాళ్లందరూ అదే సామర్థ్యాన్ని పంచుకోవాలి.

విడి సిమ్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. వోల్టీ (కాల్స్‌ని కూడా 4జీ మీదే నడిపే పద్ధతి) పనిచేయని ఫోన్‌లో కాల్ వచ్చిందంటే ఫోన్ 4జీ నుంచి 2జీ లేదా 3జీకి దిగిపోతుంది, కాల్ అయ్యేదాకా నెట్ ఆగిపోతుంది, లేదా పాకుతుంది. రెండు సిమ్‌ల ఫోన్లలో ఇంకో చిక్కు: డేటా ఒక సిమ్ మీద నడుస్తుండగా రెండో సిమ్‌కి కాల్ వస్తే చాలా ఫోన్లలో డేటా ఆగుతుంది. ఎవరికీ ఇవ్వని నంబరుతో ఉన్న సిమ్‌కి ఈ బాధ ఉండదు. రోజువారీ ఫోనే వాడక తప్పదనుకుంటే వోల్టీ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. సిమ్ సెట్టింగ్స్‌లో కాల్ సమయంలో డేటా మార్చుకునే ఆప్షన్ ఉంటే దాన్ని కూడా ఆన్ చేయండి.

అడుగు 2: ఎంత డేటా కావాలో లెక్కేయడం

1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్; 8 మెగాబిట్లు కలిస్తే 1 ఎంబీ) వేగంతో గంటసేపు ఆగకుండా డేటా వస్తే 450 ఎంబీ అవుతుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా గుణకారమే. 5 ఎంబీపీఎస్‌తో నడిచే వీడియో గంటకు 2.25 జీబీ తింటుంది. 4కే వీడియోకి 15 ఎంబీపీఎస్ పైనే కావాలి, అంటే గంటకు దాదాపు 7 జీబీ. అదే 480పీలో చూస్తే అర జీబీ అటూ ఇటూ. మామూలు క్వాలిటీలో పాటలు వినడానికి గంటకు 100 ఎంబీ కూడా పట్టదు.

వీడియో కాల్స్‌ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. సినిమా చూస్తే డేటా రావడమే ఉంటుంది. వీడియో కాల్‌లో వచ్చేదీ ఉంటుంది, మీ కెమెరా నుంచి పోయేదీ ఉంటుంది. ప్యాక్‌లోంచి రెండూ తగ్గుతాయి. కెమెరా ఆన్‌లో పెట్టి మాట్లాడితే గంటకు 1 జీబీ, ఎక్కువమంది ఉన్న మీటింగ్‌లో అంతకంటే పైన వేసుకోండి. కెమెరా ఆపి మాటే ఉంచితే అందులో పదో వంతు కూడా కాదు.

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఒకరికి రోజూ రెండు గంటల వీడియో మీటింగులు: 2 జీబీ. పిల్లలు గంటసేపు 480పీ వీడియోలు: అర జీబీ. సాయంత్రం టీవీలో రెండు గంటలు 720పీ: రెండున్నర జీబీ దాకా. అక్కడికే 5 జీబీ, నెలకు 150. ఫోన్లలో ఆపకుండా వేలితో తోస్తూ చూసే చిన్న వీడియోలు ఇందులో లేవు. అవి దీర్ఘ వీడియోల కంటే ఎక్కువ తినవచ్చు, ఎందుకంటే మీరు చూడని తర్వాతి వీడియోని కూడా యాప్ ముందే దింపి పెట్టుకుంటుంది.

ఈ లెక్కతో ప్యాక్ నిబంధనలు చదవండి. పరిమితి రోజుకా, నెలకా? అది దాటితే నెట్ ఆగిపోతుందా, వేగం తగ్గుతుందా? తగ్గితే ఎంతకు? 64 కేబీపీఎస్ అంటే 1 ఎంబీ ఫోటో రావడానికి రెండు నిమిషాలు పైన పడుతుంది. అంటే ఆగిపోయినట్టే లెక్క. ముఖ్యంగా, హాట్‌స్పాట్‌కి విడిగా పరిమితి ఉందా చూడండి. అన్‌లిమిటెడ్ అని పెద్ద అక్షరాలతో రాసి, అది ఫోన్‌లో వాడినంతవరకేనని చిన్న అక్షరాలతో రాసే ప్యాక్‌లు ఉంటాయి. ఇంటి నెట్ కోసం తీసుకునేవాళ్లకి ఆ చిన్న అక్షరాలే ముఖ్యం.

అడుగు 3: ఫోన్‌కి చోటు వెతకడం

ఈ ఒక్క పనికి అరగంట పెట్టండి. ఏ సెట్టింగ్ మార్చినా రానంత తేడా ఇక్కడ వస్తుంది, దానికి ఖర్చు కూడా ఏమీ లేదు.

ఫోన్ పైన కనిపించే సిగ్నల్ గీతలను నమ్ముకోవద్దు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్నది ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. అసలు కొలత డీబీఎం (dBm), అంటే సిగ్నల్ బలాన్ని చెప్పే అంకె. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్ దగ్గర సిగ్నల్ స్ట్రెంగ్త్ అని కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* అని డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది, అందులో ఆర్ఎస్ఆర్‌పీ (RSRP, టవర్ నుంచి వచ్చే సిగ్నల్ బలం) అన్న అంకె చూడండి.

ఈ అంకె మైనస్‌లో ఉంటుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 80, అంతకంటే మెరుగ్గా ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 90 దగ్గర బాగానే నడుస్తుంది. మైనస్ 100 అంటే సర్దుకుపోవచ్చు. మైనస్ 110 దాటితే తరచూ తెగుతుంది. ఈ అంకెలు మామూలు లెక్కలో పెరగవు. 3 డీబీ తగ్గితే సిగ్నల్ శక్తి సగమైపోతుంది, 10 తగ్గితే పదో వంతుకు పడిపోతుంది. అంటే మైనస్ 90 ఉన్న కిటికీకీ, మైనస్ 110 ఉన్న లోపలి గదికీ మధ్య తేడా వంద రెట్లు.

ఇప్పుడు ఆ తెర తెరిచి పెట్టుకుని ఇల్లంతా తిరగండి. ఒక్కో చోట ఫోన్ పెట్టి చెయ్యి తీసేసి, ఓ అరనిమిషం ఆగాక అంకె చూడండి. వెంటనే చూస్తే వెనకటి చోటి అంకే కనిపించవచ్చు. చేత్తో గట్టిగా పట్టుకున్నా తగ్గుతుంది. ప్రతి కిటికీ దగ్గరా చూడండి. కిటికీ కింది అంచు దగ్గర ఒకసారి, తల ఎత్తులో ఒకసారి. అటకల మీద, పుస్తకాల అల్మరా పైన కూడా చూడండి. ఒకే గదిలో రెండు అడుగులు జరిపితే 6, 7 డీబీ మారడం మామూలే. ఇనుప చువ్వలు పోసిన కాంక్రీటు గోడలు, లోహపు తలుపులు, ఎండ రాకుండా పూత వేసిన అద్దాలు సిగ్నల్‌ని బాగా అడ్డుకుంటాయి. ఇనుప బీరువాలో, ఫ్రిజ్ వెనక పెట్టడమంటే చేతులారా సిగ్నల్ ఆపుకోవడమే.

మంచి అంకె వచ్చిన రెండు మూడు చోట్లలో స్పీడ్ టెస్ట్ కూడా చేయండి. సిగ్నల్ బలంగా ఉన్న చోటే వేగం ఎక్కువ ఉండాలని లేదు. బలమైన టవర్ మీద జనం ఎక్కువ ఉంటే, కాస్త బలహీనంగా వచ్చే ఇంకో టవర్ ఎక్కువ వేగం ఇవ్వచ్చు. అయితే టెస్టుల్లో మరీ మునిగిపోవద్దు. వేగం 100 ఎంబీపీఎస్ ఉన్న చోట పది పదిహేను సెకన్ల టెస్టుకే 125 నుంచి 190 ఎంబీ దాకా పోతుంది.

5జీ ఫోన్ అయితే ఇంకో పరీక్ష. 5జీ అంచున ఉన్న ఇళ్లలో ఫోన్ మాటిమాటికీ 5జీకి, 4జీకి మారుతూ ఉంటుంది. ప్రతి మార్పుకీ నెట్ ఒక క్షణం ఆగుతుంది, ఫోనూ వేడెక్కుతుంది. అలాంటప్పుడు నెట్‌వర్క్ టైప్‌ని 4జీకి కట్టేసి ఓ రోజు చూడండి. వేగం కాస్త తగ్గినా తెగకుండా నడిచే 4జీయే ఇంటికి మేలని నా అభిప్రాయం. వీడియో కాల్‌కి వేగం కంటే నిలకడే ముఖ్యం.

అడుగు 4: హాట్‌స్పాట్ సెట్టింగులు

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్, వైఫై హాట్‌స్పాట్. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇదే కనెక్షన్స్ కింద ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో హాట్‌స్పాట్ అని కొట్టండి. ఐఫోన్‌లో పర్సనల్ హాట్‌స్పాట్.

పేరు: ఇంటి నంబరు, మీ పేరు పెట్టొద్దు. ఐఫోన్‌లో ఫోన్ పేరే హాట్‌స్పాట్ పేరు, కాబట్టి జనరల్, అబౌట్‌లోకి వెళ్లి అక్కడ మార్చాలి. ఇంట్లో ఇంతకు ముందు రూటర్ ఉండి తీసేసి ఉంటే, దాని పేరూ పాస్‌వర్డూ యథాతథంగా హాట్‌స్పాట్‌కి పెట్టేయండి. చిన్న, పెద్ద అక్షరాలు కూడా అచ్చంగా అలాగే ఉండాలి. అప్పుడు టీవీ, ల్యాప్‌టాప్, ప్రింటర్ చాలావరకు వాటంతట అవే కలిసిపోతాయి. ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి పాస్‌వర్డ్ కొట్టే పని తప్పుతుంది.

పాస్‌వర్డ్: కనీసం 8 అక్షరాలు ఉండాలి. 12 పైన పెట్టుకుంటే మంచిది. ఎలాగూ టీవీ రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాల్సి వస్తుంది కనుక, గుర్తులూ పెద్దక్షరాలూ కలిపి కలగాపులగం చేయకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు మాటలు చిన్నక్షరాలతో కలిపి రాయండి. పొడవు ఉంటే అదే గట్టిది. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే పాత, కొత్త పద్ధతులు) రెండూ కలిసిన ఆప్షన్ ఉంటే అదే ఎంచుకోండి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత టీవీలు, ప్రింటర్లు కలవవు. పాస్‌వర్డ్ లేకుండా మాత్రం వదలొద్దు. డేటా పోవడం ఒక్కటే కాదు, ఎవరో మీ నెట్ వాడి చేసిన పనికి జవాబు మీరు చెప్పుకోవాల్సి వస్తుంది.

బ్యాండ్: 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు దాటడంలో బలహీనం. 2.4 నెమ్మది, కానీ దూరం వెళ్తుంది. అపార్టుమెంట్లలో 2.4 మీద చుట్టుపక్కల అందరి వైఫైలూ, బ్లూటూత్ పరికరాలూ, మైక్రోవేవ్ ఓవెన్లూ కలిసి రద్దీ చేస్తాయి. ఫోన్ ఉన్న గదిలోనే పని చేసుకునేవాళ్లకి 5 గిగాహెర్ట్జ్ సరైనది. రెండు గోడల అవతల వాడాలన్నా, చవక స్మార్ట్ టీవీలూ బల్బులూ కలవాలన్నా 2.4 కావాలి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో దీన్నే మాగ్జిమైజ్ కంపాటబిలిటీ అంటారు. ఆన్ చేస్తే 2.4 మీదికి వస్తుంది.

తనంతట తాను ఆగిపోవడం: ఎవరూ వాడకపోతే కొద్ది నిమిషాలకు హాట్‌స్పాట్‌ని ఆపేసే సెట్టింగ్ ఆండ్రాయిడ్‌లో ఉంటుంది. ఇంటి ఫోన్‌లో దాన్ని తీసేయండి. బ్యాటరీ సేవర్ కూడా ఆఫ్‌లో ఉండాలి. ఐఫోన్‌లో ఈ సౌకర్యం తక్కువ. కొత్త పరికరం కలపాలంటే అది కలిసేదాకా పర్సనల్ హాట్‌స్పాట్ తెర మీదే ఉండాలి. అందుకే రోజంతా నడిపే పనికి పాత ఐఫోన్ కంటే పాత ఆండ్రాయిడే నాకు నయమనిపిస్తుంది.

అడుగు 5: మిగతా పరికరాలకు ఇది మొబైల్ డేటా అని చెప్పడం

ఎక్కువ డేటా పోయేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌కి మీ హాట్‌స్పాట్ కూడా ఒక వైఫైయే. వైఫై దొరికింది కదా అని ఆపేసి ఉంచిన పనులన్నీ మొదలుపెడుతుంది: సిస్టమ్ అప్‌డేట్లు, క్లౌడ్‌లోకి ఫైళ్లు ఎక్కించడం, గేమ్ అప్‌డేట్లు. ఫోన్లు కూడా అంతే. వైఫై ఉన్నప్పుడే ఫోటోలు బ్యాకప్ చేయాలని మీరు పెట్టిన సెట్టింగే ఇప్పుడు మీకు ఎదురు తిరుగుతుంది. పెళ్లికో పుట్టినరోజుకో వెళ్లొచ్చి ఫోన్ పక్కన పెడితే, తెల్లారేసరికి ఆ వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కి, రోజు మొదలవకముందే ప్యాక్ అయిపోతుంది.

దీనికి మందు మీటర్డ్ కనెక్షన్, అంటే ఈ నెట్‌కి పరిమితి ఉంది, పొదుపుగా వాడు అని పరికరానికి చెప్పే సెట్టింగ్. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. కేబుల్‌తో కలిపితే విండోస్‌కి అది వేరే కనెక్షన్, ఈథర్నెట్ కింద దానికి మళ్లీ విడిగా ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు పక్కనున్న గుర్తు నొక్కి, నెట్‌వర్క్ యూసేజ్ దగ్గర మీటర్డ్ అని పెట్టండి. ఐఫోన్‌లో, ఐప్యాడ్‌లో ఆ వైఫై వివరాల్లో లో డేటా మోడ్. మ్యాక్‌లో కూడా అదే పేరుతో ఉంటుంది.

ఇది మొత్తం ఆపదు. మీటర్డ్ అన్నమాటని పట్టించుకోని ప్రోగ్రాములు ఉన్నాయి. క్లౌడ్ సింక్, గేమ్ లాంచర్లు, ఫోటో బ్యాకప్ ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా తెరిచి చేత్తో ఆపండి. టీవీ విషయంలో అసలు మొహమాటం వద్దు. చాలా యాప్‌లు పెద్ద తెర కనిపిస్తే దొరికినంత క్వాలిటీ లాగేస్తాయి. ప్రతి వీడియో యాప్‌లోనూ ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో క్వాలిటీని మీడియంకి దించి, తర్వాతి ఎపిసోడ్ దానంతట అదే మొదలయ్యే ఆటోప్లే తీసేయండి. టీవీ పెట్టుకుని నిద్రపోయే అలవాటున్న ఇళ్లలో ఈ ఒక్క మార్పే రాత్రికి చాలా జీబీలు మిగులుస్తుంది.

చివరగా హాట్‌స్పాట్ ఫోన్‌లోనే డేటా యూసేజ్ తెరిచి డేటా వార్నింగ్ పెట్టండి. డేటా లిమిట్ కూడా పెట్టచ్చు కానీ అది తాకగానే నెట్ మొత్తం ఆగుతుంది, తెలియక ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు. అక్కడే హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్ అని విడిగా ఎంత పోయిందో కనిపిస్తుంది. మొదటి వారం రోజూ రాత్రి ఒకసారి చూస్తే ఎవరు ఏం చూసిన రోజు ఎంత పోతోందో తెలిసిపోతుంది.

అడుగు 6: వైఫై ఒక్కటే దారి కాదు

కంప్యూటర్ ఒకటే ఉంటే కేబుల్ వాడండి. ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి, అడుగు 4లో చూసిన టెథరింగ్ (ఫోన్ నెట్‌ని వేరే పరికరానికి ఇవ్వడం) పేజీలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు. వైఫై రద్దీ అడ్డు రాదు, ఆలస్యం తగ్గుతుంది, ఫోన్ ఛార్జ్ కూడా అవుతూ ఉంటుంది. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి, వాటితో టెథరింగ్ ఆప్షన్ వెలగదు. అలా అయితే ముందు కేబుల్ మార్చి చూడండి. ఐఫోన్‌ని విండోస్ కంప్యూటర్‌కి కేబుల్‌తో కలపాలంటే యాపిల్ వాళ్ల డ్రైవర్లు వేసి ఉండాలి.

బ్లూటూత్ టెథరింగ్ చాలా నెమ్మది, 1, 2 ఎంబీపీఎస్ మించి ఆశించొద్దు. మెయిల్ చూసుకోవడానికి, బ్యాటరీ మిగుల్చుకోవడానికి సరే.

ఇల్లు పెద్దదైతే అసలు పరిష్కారం పాత రూటర్. టవర్ సిగ్నల్ బాగా వచ్చేది కిటికీ దగ్గర, వైఫై కావాల్సింది ఇంటి మధ్యలో. ఒక్క ఫోన్‌తో ఈ రెండూ కుదరవు. ఫోన్‌ని కిటికీ దగ్గరే ఉంచి రూటర్‌ని ఇంటి మధ్యలో పెట్టాలి. కొన్ని రూటర్ల వెనకున్న యూఎస్‌బీ పోర్టు ఫోన్ టెథరింగ్‌ని తీసుకుంటుంది. అది లేకపోతే రూటర్ సెట్టింగుల్లో విస్ప్ (WISP) లేదా రిపీటర్ మోడ్, అంటే వేరే వైఫైని అందుకుని మళ్లీ పంచే పద్ధతి, ఉందేమో చూడండి. అప్పుడు రూటరే మీ హాట్‌స్పాట్‌కి ఒక పరికరంలా కలిసి, దాన్ని ఇల్లంతా పంచుతుంది. ఒకే బ్యాండ్ మీద తీసుకుని అదే బ్యాండ్ మీద పంచితే వేగం సగానికి పడుతుంది. ఫోన్ నుంచి 5 గిగాహెర్ట్జ్‌లో తీసుకుని ఇంటికి 2.4లో ఇచ్చేలా పెట్టుకోండి. ఇంకో సుఖం ఏమిటంటే, ఫోన్‌కి ఎన్ని పరికరాలు కలవచ్చన్న పరిమితి అడ్డు రాదు. ఫోన్‌కి కనిపించేది రూటర్ ఒక్కటే.

అడుగు 7: వేడి, బ్యాటరీ

హాట్‌స్పాట్‌లో ఫోన్ టవర్‌తో మాట్లాడుతూ, వైఫై పంచుతూ, ఛార్జింగ్ అవుతూ ఉంటుంది. మూడూ వేడి పుట్టించే పనులే. వేడి ఒక హద్దు దాటితే ఫోన్ తనని తాను కాపాడుకోవడానికి ముందు ఛార్జింగ్ ఆపుతుంది, తర్వాత వేగం తగ్గిస్తుంది, చివరికి హాట్‌స్పాట్ ఆపేస్తుంది. మధ్యాహ్నాలు మాత్రమే నెట్ తెగుతోందంటే మొదట దీన్నే అనుమానించండి.

కవర్ తీసేయండి. ఎండ పడని కిటికీ ఎంచుకోండి, ఎండ పడేదే మంచి చోటైతే పరదా నీడలోకి జరపండి. పరుపు మీద, దిండు కింద, గుడ్డ కప్పి అస్సలు పెట్టొద్దు. నిలబెట్టి ఉంచే స్టాండు మీద రెండు వైపులా గాలి తగిలేలా ఉంచండి. గదిలో ఫ్యాన్ గాలి అటు పోతే ఇంకా మంచిది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచే తెలివి చూపించొద్దు, లోపల తేమ చేరుతుంది.

లిథియం బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి, వేడిగా, రోజుల తరబడి ఉంటే త్వరగా పాడవుతుంది, ఉబ్బుతుంది. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ చాలా కొత్త ఫోన్లలో ఉంది, ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ప్లగ్‌కి టైమర్ స్విచ్ పెట్టి, రోజులో కొన్ని గంటలే కరెంటు వెళ్లేలా చూడండి. ఫాస్ట్ ఛార్జర్ అక్కర్లేదు, మామూలు ఛార్జర్ తక్కువ వేడి పుట్టిస్తుంది. నెలకోసారి ఫోన్‌ని బల్లమీద వెల్లకిలా పెట్టి వేలితో ఒక మూల నొక్కి చూడండి. ముందు ఊగని ఫోన్ ఇప్పుడు ఊగుతుంటే వాడటం ఆపండి.

అడుగు 8: నెట్ నెమ్మదిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

మూడు చోట్ల స్పీడ్ టెస్ట్ చేయండి: ముందు హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌లోనే, తర్వాత దాని పక్కనే పెట్టిన ల్యాప్‌టాప్‌లో, ఆ తర్వాత మీరు మామూలుగా కూర్చునే చోట.

ఫోన్‌లోనే 3, 4 ఎంబీపీఎస్ వస్తే తప్పు టవర్ వైపుది, లేదా ప్యాక్ అయిపోయి వేగం తగ్గించారు. ఇంట్లో ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. ముందు డేటా ఎంత మిగిలిందో చూసి, ఆ తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చేయండి, ఫోన్ టవర్‌ని కొత్తగా వెతుక్కుంటుంది. ఫోన్‌లో 40 వచ్చి, పక్కనున్న ల్యాప్‌టాప్‌లో 8 వస్తే బ్యాండ్ 2.4లో ఉందేమో చూడండి, లేదా ల్యాప్‌టాప్‌లో వెనక ఏదో దిగుతోంది. పక్కన 38 వచ్చి పడగ్గదిలో 5 వస్తే అది గోడల సమస్య. రూటర్‌తోనే తీరుతుంది.

వైఫై కలిసింది, నెట్ రావడం లేదు అంటే మొబైల్ డేటా ఆన్‌లో ఉందో లేదో, డేటా లిమిట్ తగిలిందో చూడండి. ఫోన్‌లో వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా నడిపే యాప్) నడుస్తుంటే ఆపి చూడండి. అన్నట్టు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో వీపీఎన్ వేసినంత మాత్రాన హాట్‌స్పాట్‌కి కలిసిన ల్యాప్‌టాప్‌కి సాధారణంగా అది వర్తించదు. ఆఫీసు పనికి వీపీఎన్ కావాలంటే ల్యాప్‌టాప్‌లోనే వేసుకోవాలి. ఫోన్‌లో నెట్ వస్తూ హాట్‌స్పాట్‌లో మాత్రమే రాకపోతే ఏపీఎన్ (ఫోన్ మొబైల్ నెట్‌కి ఎలా కలవాలో చెప్పే) సెట్టింగులను రీసెట్ చేయండి. అప్పటికీ రాకపోతే ఆ ప్యాక్‌లో హాట్‌స్పాట్ ఉందో లేదో కస్టమర్ కేర్‌ని అడగాలి.

అడుగు 9: దీనితో కానివి

బయటి నుంచి నేరుగా ఇంట్లోని పరికరంలోకి రావడం చాలావరకు కుదరదు. ఇంటర్నెట్‌లో పరికరాలకు ఇచ్చే ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపినా 430 కోట్లు లోపే. అవి చాలక మొబైల్ నెట్‌వర్క్‌లు ఒకే చిరునామాని ఎంతోమందికి కలిపి ఇస్తాయి. అందువల్ల పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని ఇంట్లోని ఒక పరికరానికి పంపడం) పనిచేయదు. సీసీ కెమెరా కొనేటప్పుడు కంపెనీ క్లౌడ్ యాప్ ద్వారా చూసుకునే రకం తీసుకుంటే ఈ ఇబ్బంది రాదు. కానీ రోజంతా క్లౌడ్‌కి వీడియో ఎక్కించే కెమెరా మీ ప్యాక్‌ని మింగేస్తుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేసి, మెమరీ కార్డులో దాచుకునేలా పెట్టండి.

వేగంగా స్పందించాల్సిన ఆన్‌లైన్ ఆటల్లో మొబైల్ నెట్ ఆలస్యం ఒక్కసారిగా పెరిగి తగ్గుతూ ఉంటుంది. కేబుల్ టెథరింగ్‌తో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ముగ్గురు నలుగురు రోజంతా నెట్ మీద పనిచేసే ఇల్లయితే, ఈ తంటాలన్నీ పడే బదులు సిమ్ వేసుకునే 4జీ లేదా 5జీ రూటర్ కొనడం మేలు. దానికి బ్యాటరీ గొడవ ఉండదు, ఫోన్ కంటే పెద్ద యాంటెన్నాలు ఉంటాయి, కొన్నింటికి బయట బిగించే యాంటెన్నా పెట్టుకునే వీలూ ఉంటుంది. అడుగు 3లో వెతికి పెట్టుకున్న చోటే దానికీ సరైన చోటు. కొనే ముందు అది అన్ని నెట్‌వర్క్‌ల సిమ్‌లనూ తీసుకుంటుందో, ఒకే కంపెనీకి లాక్ చేసి ఉందో, మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు అందులో ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి.